రాయికల్ బోరునీళ్లలో రేడాన్ ఎంత?

రాయికల్ నుంచి జగిత్యాల వైపు వెళ్లినా, కోరుట్ల, సిరిసిల్లల వైపు వెళ్లినా నేల కింద ఎక్కువగా తగిలేది గట్టి రాయే. కరీంనగర్ ప్రాంతపు ‘టాన్ బ్రౌన్’ గ్రానైటు విదేశాలకు ఎగుమతి అవుతుంది. ఇటువంటి గట్టి రాళ్ల పగుళ్లలో నిలిచిన నీటినే ఇక్కడి బోర్లు తోడుతున్నాయి. గ్రానైటులో సాధారణంగా టన్నుకు కొన్ని గ్రాముల యురేనియం ఉంటుంది. యురేనియం 238 అర్ధాయువు దాదాపు 447 కోట్ల సంవత్సరాలు. అది మెట్టుమెట్టుగా క్షయించి, 1,600 ఏళ్ల అర్ధాయువు గల రేడియంగా, ఆ తర్వాత రేడాన్‌గా మారుతుంది. రేడాన్ అర్ధాయువు 3.82 రోజులే. ఈ వంశంలో వాయువు అదొక్కటే. అందుకే రాయిని విడిచి బయటపడగలుగుతుంది.

రేడియం కేంద్రకం ఆల్ఫా కణాన్ని వదిలినప్పుడు, తుపాకి పేలితే భుజానికి తగిలే దెబ్బలాగా, మిగిలిన కేంద్రకం వెనక్కి విసురుగా కదులుతుంది. అది రాతిరేణువు అంచున ఉంటే పక్కనున్న నీటిలోకి వచ్చి పడుతుంది. బావినీటిలో రేడియోధార్మిక వాయువు ఉందని 1903లోనే జె.జె. థామ్సన్ గుర్తించారు.

నీటిలోని రేడాన్ పరిమాణం ఊహకందనంత స్వల్పం. సెకనుకు ఒక పరమాణువు క్షయిస్తే ఒక బెకరెల్. ఆ ఒక్క బెకరెల్‌కు కావలసినవి 4.8 లక్షల రేడాన్ పరమాణువులు. ఒక్క నీటిబొట్టులోని అణువులను లెక్కించాలంటే ఒకటి పక్కన 21 సున్నాలు పెట్టాలి. కనుక రేడాన్‌కు రుచి లేదు, రంగు లేదు, టీడీఎస్ మీటరుకు అది అందదు. అది క్షయించే క్షణంలో మాత్రమే మన పరికరానికి దొరుకుతుంది.

అసలు కష్టం పరికరంలో లేదు, సీసా నింపడంలో ఉంది. సమానమైన కొలతలో నీరు, గాలి కలిసి ఉంటే, 20 డిగ్రీల వద్ద గాలి నీటికన్నా సుమారు నాలుగింతల రేడాన్‌ను పట్టుకుంటుంది. నీరు గాలిని తాకితే చాలు, రేడాన్ జారిపోతుంది. అందుకే ముందు మోటారును కొంతసేపు నడిపించి కేసింగ్ పైపులో నిలిచిపోయిన పాత నీటిని వదిలేయాలి. తర్వాత బకెట్‌లో సీసాను ముంచి, పైపు కొసను దాని అడుగుదాకా దించి, నీరు పొంగి పొర్లేలా నింపాలి. మూత నీటిలోపలే బిగించాలి. ఒక్క బుడగ మిగిలినా ఆ సీసాను పారబోసి మళ్లీ నింపాల్సిందే. ఇక్కడ ఓపిక చాలనివారి అంకెలను నేను నమ్మను.

రాడ్-7 వంటి పరికరంలో 250 మిల్లీలీటర్ల సీసాలోకి గాలి బుడగలను పంపి, నీటిలోని రేడాన్‌ను మూసిన గాలి వలయంలోకి రాబడతారు. ఆ గాలిని ఆరబెట్టి పరికరం లోపలి గదిలోకి పంపితే, రేడాన్ నుంచి పుట్టిన పొలోనియం 218ను విద్యుత్ క్షేత్రం లాగి డిటెక్టర్ మీద కూర్చోబెడుతుంది. దాని ఆల్ఫా శక్తిని బట్టి లెక్క తేలుతుంది. అంతా అరగంట పని. సీసాను హైదరాబాద్‌కు తీసుకెళ్లి మరునాడు కొలిస్తే, ఈలోగా ఆరోవంతు రేడాన్ క్షయించిపోయి ఉంటుంది. నమూనా తీసిన వేళ తెలిస్తేనే దానిని వెనక్కి లెక్కకట్టగలం.

అంకె వచ్చాక దేనితో పోల్చాలి? అమెరికా పర్యావరణ సంస్థ 1999లో లీటరుకు 11.1 బెకరెళ్ల పరిమితిని ప్రతిపాదించింది, కానీ అది ఖరారు కాలేదు. ఐరోపా సమాఖ్య 2013లో 100 బెకరెళ్లు అంది. ఒకే బోరు ఒక లెక్కలో ప్రమాదకరం, మరో లెక్కలో నిశ్చింత! రేడాన్ వల్ల ప్రధాన ముప్పు ఊపిరితిత్తులకు. నీటిలో లీటరుకు 10 బెకరెళ్లుంటే ఇంటి గాలిలో ఘనమీటరుకు సుమారు ఒక బెకరెల్ చేరుతుందని అంచనా. ఇంటి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 100. ఇంట్లోకి వచ్చే రేడాన్‌లో అధికభాగం నేల నుంచే వస్తుంది.

కాబట్టి బోరు దగ్గరి కొలత రాయి గురించి చెబుతుంది. మనిషికి చేరేదెంతో తెలియాలంటే బిందె దగ్గర కూడా కొలవాలి. మిద్దె మీది ట్యాంకులో ధారగా పడి, బిందెలోకి వంపి, రాత్రంతా గోలెంలో నిలిచిన నీటిలో రేడాన్ చాలావరకు పోయి ఉంటుంది. మరిగిస్తే ఇంకా పోతుంది. ఆర్‌ఓ యంత్రం మాత్రం దీన్ని ఆపలేదు, ఎందుకంటే వాయువు పొరను దాటిపోతుంది. మిషన్ భగీరథ నల్లాలో వచ్చే నదీజలంలో రేడాన్ స్వల్పమే అయినా, స్నానానికీ వాడుకకూ బోరునీళ్లు పట్టుకునే ఇళ్లు ఉన్నాయి.

నల్గొండ జిల్లాలో యురేనియం గని ప్రతిపాదించిన చోట, బుడ్డోనితండా ఇళ్లలో రేడాన్‌ను, దాని మరో ఐసోటోపైన థోరాన్‌ను కొలిచిన అధ్యయనం 2021లో వెలువడింది. గని మాట లేని రాయికల్ వంటి ఊళ్లకూ అంత శ్రద్ధ దక్కాలి. నడివేసవిలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, అదే బోరు నుంచి రెండేసి సీసాలు: ఒకటి మోటారు దగ్గర, ఒకటి వంటింటి బిందెలోంచి. సీసా మీద బోరు లోతు, కేసింగ్ పొడవు, నింపిన గంటా నిమిషమూ రాసి ఉండాలి.