లెక్కకు రాని దెబ్బలు

వృత్తి క్రీడాకారులు ఆటను విడిచిపెట్టడానికి వయసు మీదపడడం, గాయం మానకపోవడం, జట్టులో చోటు దక్కకపోవడం వంటి కారణాలే సాధారణంగా వినిపిస్తాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మాత్రం కొంతకాలంగా వీటిలో దేనికీ ఒదగని విరమణలు కనిపిస్తున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా ఆడిన క్రిస్ బోర్లాండ్, ఒకే ఒక్క సీజన్ ఆడి, ఆ సీజన్‌లోనే నిపుణుల మెప్పు పొంది, 2015 మార్చిలో 24 ఏళ్ల వయసులో ఆటకు స్వస్తి చెప్పినప్పుడు అతణ్ని మైదానానికి దూరం చేయగల గాయమేదీ అతని ఒంటిమీద లేదు. రాబోయే ఏళ్లలో మెదడుకు జరగగల హానిని ముందే ఊహించి, అది జరిగిందని రుజువయ్యే దాకా ఆగడం ఇష్టం లేక తప్పుకుంటున్నట్లు అతడు చెప్పాడు. అంతకు వారం ముందే అదే జట్టులో, అదే స్థానంలో ఎంతో పేరు పొందిన పాట్రిక్ విలిస్ పాదాల నొప్పులు భరించలేక 30 ఏళ్లకు విరమించాడు. విలిస్ నిర్ణయం అందరికీ అర్థమైంది. బోర్లాండ్ నిర్ణయం చాలామందికి మింగుడుపడలేదు.

అతని భయం అర్థం కావాలంటే ముందు ఆ ఆట తీరు తెలియాలి. పదకొండేసి మంది చొప్పున ఉండే రెండు జట్లలో, బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. ఒక్కో ప్రయత్నం కొన్ని సెకన్లలోనే ముగుస్తుంది గాని, ఆ కొన్ని సెకన్లలో రెండు వరుసల భారీ కాయులు తలలు వంచి ఒకరినొకరు ఢీకొంటారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ని పడగొట్టడాన్ని టాకిల్ అంటారు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టేయడం లాంటిదే ఇదీ, కాకపోతే ఇక్కడ పట్టేవాడు నూరు కిలోలకు పైబడిన బరువుతో దూరం నుంచి పరుగున వచ్చి గుద్దుతాడు. ముందు వరుస వెనుక కాచుకుని ఉండి ఆ పని చేయడమే లైన్‌బ్యాకర్ ఉద్యోగం. తొలి సీజన్‌లో వంద దాటిన టాకిళ్లే బోర్లాండ్‌కు గొప్ప పేరు తెచ్చాయి. అంటే అతని కీర్తినీ, అతని తలకు తగిలిన దెబ్బలనూ చూపించే పట్టిక ఒక్కటే.

కన్కషన్ అనే మాట క్రికెట్ చూసే తెలుగువారికి కొత్తది కాదు. 2020 డిసెంబరులో కాన్‌బెరా టీ20లో తలకు బంతి తగిలిన రవీంద్ర జడేజా బదులు దిగిన చాహల్ మూడు వికెట్లు తీసినప్పుడు, అది న్యాయమా కాదా అన్న వాదన ఇంటింటా నడిచింది. వైద్యపరంగా చూస్తే, మెదడు పుర్రెలోపల ఒక పలుచని ద్రవంలో తేలుతూ ఉంటుంది. వేగంగా కదులుతున్న తల హఠాత్తుగా ఆగినా, పక్కకు మెలి తిరిగినా, పుర్రె ఆగినంత తొందరగా మెదడు ఆగదు. ఆ తేడా వల్ల నాడీకణాల నుంచి సాగే ఆక్సాన్లు అనే సన్నని తంతువులు సాగి, నలిగి, కణంలో ఉండవలసిన పొటాషియం బయటికీ, బయట ఉండవలసిన కాల్షియం లోపలికీ పారుతాయి. ఈ తారుమారును సరిదిద్దడానికి కణానికి అపారమైన శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. తల దిమ్మెక్కడం, వెలుతురు భరించలేకపోవడం, మాట తడబడడం, జరిగింది గుర్తులేకపోవడం వంటి లక్షణాలు ఈ తారుమారుతోనూ, శక్తి కొరతతోనూ ముడిపడినవే. రక్తస్రావమో పగులో లేదు కనుక మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించదు.

ఇక్కడే హెల్మెట్ గురించి ఒక అపోహ తొలగించుకోవాలి. 1943లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్, తప్పనిసరి చేసిన హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడడంలో సమర్థమైనదే. లోపల మెదడు మెలి తిరగడాన్ని మాత్రం అది ఆపలేదు. పైగా తలకు రక్షణ ఉందన్న ధీమా తలనే ఆయుధంగా వాడే అలవాటును పెంచిందని వాదించేవారూ ఉన్నారు, ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేము.

పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్లు తాగినవారిలా తూలుతూ నడవడాన్ని 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వర్ణించాడు. అయినా ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదడును అదే దృష్టితో చూడడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు సాధించిన నాలుగు సూపర్ బౌల్ (లీగ్ తుది పోటీ) విజయాలలో భాగస్వామి అయిన మైక్ వెబ్‌స్టర్, జ్ఞాపకశక్తీ నిలకడా కోల్పోయి, కొన్నాళ్లు వాహనంలోనే బతికి, 2002 సెప్టెంబరులో 50 ఏళ్లకు గుండెపోటుతో మరణించాడు. శవపరీక్ష చేసిన నైజీరియా సంతతి వైద్యుడు బెన్నెట్ ఒమాలుకు ఆ మెదడు పైకి ఏ లోపమూ లేనిదానిలా కనిపించింది. ఆయన అంతటితో వదిలెయ్యక, దాన్ని పలుచని పొరలుగా కోయించి, రంగులద్దించి సూక్ష్మదర్శినిలో చూస్తే, టావ్ అనే ప్రోటీన్ ముద్దలుగా పేరుకుని కనిపించింది. క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌కెఫలోపతి, సంక్షిప్తంగా సీటీఈ, అని పిలిచే ఆ స్థితిని వివరిస్తూ ఆయన 2005లో వ్యాసం ప్రచురించగా, దాన్ని ఉపసంహరించుకోవాలని లీగ్ నియమించిన మెదడు గాయాల కమిటీ సభ్యులు పట్టుబట్టారు. ఆ కమిటీకి ఏళ్ల తరబడి అధ్యక్షత వహించినది నాడీ వైద్యుడు కాదు, కీళ్ల వాతం వైద్యుడన్న వాస్తవానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. కన్కషన్లకూ సీటీఈకీ సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి ఒకరు అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఎదుట ఒప్పుకోవడానికి 2016 మార్చి దాకా కాలం గడిచింది.

బోస్టన్ విశ్వవిద్యాలయంలో యాన్ మెక్కీ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో ఎన్‌ఎఫ్‌ఎల్ మాజీ ఆటగాళ్ల మెదళ్లు 111 పరీక్షిస్తే 110లో సీటీఈ కనిపించింది. ఈ సంఖ్యను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: అవి కుటుంబాలు దానం చేసినవి, లక్షణాలు చూసి అనుమానం కలిగిన కుటుంబాలే సహజంగా దానానికి ముందుకొస్తాయి, కాబట్టి ఆడినవారందరిలో ఎందరికి ఈ జబ్బు వస్తుందో ఆ నిష్పత్తి చెప్పదు. అంతకన్నా ఎక్కువ ఆలోచింపజేసేది అదే కేంద్రం 2019లో వెలువరించిన మరో ఫలితం. 266 మంది ఆటగాళ్ల మెదళ్లను పరిశీలించి, ఆడిన ప్రతి 2.6 సంవత్సరాలకూ సీటీఈ వచ్చే అవకాశం రెట్టింపు అవుతుందని ఆ బృందం లెక్కగట్టింది. అంటే ముప్పు ముడిపడి ఉన్నది వైద్యుడు కన్కషన్ అని రాసిన సంఘటనల సంఖ్యతో కాదు, ఏ లక్షణమూ చూపకుండా ప్రతి సాధనలోనూ, ప్రతి పోటీలోనూ తగిలే చిన్న దెబ్బల మొత్తంతో. ఆ లెక్క బాల్యం నుంచే మొదలవుతుంది. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో వేల సంఖ్యలో తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. ఆ జట్టు సాధన చేసే ఆవరణలోనే ఊరి హైస్కూలు పోటీలు కూడా జరుగుతాయి గనుక, పిల్లవాణ్ని ఏ వయసులో ఈ ఆటలో చేర్చాలన్న ప్రశ్న అక్కడి తల్లిదండ్రులకు పత్రికల్లో చదివి వదిలేసేది కాదు.

ఈ వెలుగులో చూస్తే బోర్లాండ్ నిర్ణయం తొందరపాటుగా తోచదు. శిక్షణ శిబిరంలో ఒకసారి ఢీకొని తల దిమ్మెక్కినా, జట్టులో చోటు పోతుందేమోనని ఎవరికీ చెప్పకుండా ఆడుతూనే ఉన్నానని అతడే తర్వాత వెల్లడించాడు. అది ఏ పట్టికలోనూ ఎక్కని దెబ్బ. సీటీఈని మరణానంతరం మెదడును కోసి చూస్తేనే నిర్ధారించగలరు. బతికున్నవాడికి ఇంతవరకు సురక్షితమని, ఇకపై ప్రమాదమని గీత గీసి చూపగల పరీక్ష లేదు. పైగా ఆటగాళ్ల ఒప్పందాల తీరు దెబ్బ సంగతి చెప్పకుండా ఉండిపోవడానికే పురికొల్పుతుంది: రాసుకున్న జీతం మొత్తానికి హామీ ఉండదు, పింఛనుకు మూడు సీజన్లు పూర్తికావాలి, ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం సగటు ఆట జీవితం మూడేళ్లకు కాస్త ఎక్కువ మాత్రమే, మధ్యలో తప్పుకుంటే చేరినప్పుడు ఇచ్చిన బోనస్‌లో ఆడని ఏళ్ల వాటా తిరిగి కట్టాలి. బోర్లాండ్ దాదాపు 6,17,000 డాలర్లలో నాలుగింట మూడు వంతులు వదులుకున్నాడు. అంత ధైర్యం చేయగలిగినవారికి తరచు మరో దారి సిద్ధంగా ఉండడం గమనించదగ్గది. బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు జాన్ అర్షెల్ 2017లో 26 ఏళ్లకు విరమించి ఎంఐటీలో గణితం డాక్టరేటు పూర్తిచేసి అక్కడే అధ్యాపకుడయ్యాడు. 2015లో ఒక కన్కషన్ తర్వాత కొన్నాళ్లు ఉన్నత గణితం బుర్రకెక్కలేదని అతడు చెప్పాడు. ఆట తప్ప వేరే ఆధారం లేని ఇంటి నుంచి వచ్చినవాడికి అదే నిర్ణయం అదే ధరకు దొరకదు.

లీగ్ తెచ్చిన మార్పులు తక్కువేమీ కావు. ఇప్పుడు అనుమానం వచ్చిన ఆటగాణ్ని పక్కనున్న నీలి గుడారంలోకి తీసుకెళ్లి, ఇది ఏ మైదానం, చివరి పాయింట్లు ఎవరు సాధించారు, క్రితం పోటీలో గెలిచామా అని అడిగి, నెలల పేర్లు వెనుక నుంచి చెప్పిస్తారు. జట్టుకు సంబంధం లేని నాడీ నిపుణుడు కూడా చూస్తాడు. 2022 సెప్టెంబరులో మయామీ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా ఒక పోటీలో తూలుతూ లేచి, తిరిగి ఆడి, నాలుగు రోజులకే మరో పోటీలో స్పృహ తప్పడంతో, నడక తడబడినా ఆటగాణ్ని ఇక దించకూడదని నిబంధన బిగించారు. అయితే ఈ ఏర్పాటంతా కనిపించే దెబ్బ కోసమే. లక్షణం చూపని వేల దెబ్బలను అది లెక్కించదు.

మాజీ ఆటగాళ్లు 4,500 మందికి పైగా వేసిన దావాల ఫలితంగా కుదిరి, 2015 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం కూడా ఇలా కొన్నిటిని లెక్కలోకి తీసుకుని, కొన్నిటిని బయట ఉంచే గీతలతోనే నడుస్తుంది. అందులో మతిమరుపు వ్యాధిని కొలిచే పద్ధతి, నల్లజాతి ఆటగాళ్ల ఆలోచనా సామర్థ్యం మొదటి నుంచీ తక్కువేనని ఊహించుకుని లెక్కవేసేది. నల్లజాతివారే అధికంగా ఉన్న ఈ ఆటలో దాన్ని వదులుకుంటామని లీగ్ అన్నది 2021లో మాత్రమే. సీటీఈతో మరణించారని పరిహారం దక్కేది, ఒప్పందానికి ఆమోదముద్ర పడకముందే మరణించినవారి కుటుంబాలకే. ఒప్పందం వర్తించేది కూడా 2014 జూలై 7కి ముందు విరమించినవారికే, కాబట్టి ఆ ఏడాది మే నెలలో లీగ్‌లోకి ఎంపికైన బోర్లాండ్‌కు, అతనితో పాటు వచ్చి ఇంకా ఆడుతున్నవారికి, దానిలో చోటు లేదు.