నీరు పోయే సూది – ఇవ్వాలా, ఆపాలా?

గుండె బలహీనపడి కాళ్ళకు, పొట్టకు నీరు పట్టి, ఆయాసంతో పడుకోలేక వచ్చేవారికి డాక్టరుగారు నీరు పోయే మందు రాస్తారు. ఎక్కువగా వాడేది ఫ్రూసెమైడ్. లాసిక్స్ అంటే అందరికీ తెలుస్తుంది. నరానికి ఇస్తే ఐదు నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తగ్గి రోగి తెరిపిన పడతాడు.

అయితే మూత్రంలో నీరు ఒక్కటే పోదు. సోడియం, పొటాషియం, మెగ్నీషియం అనే లవణాలు కూడా పోతాయి. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉండాలి. తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, నీరసం వస్తుంది. బాగా తగ్గితే గుండె లయ తప్పుతుంది. డిజాక్సిన్ మాత్ర వాడేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

సిస్టర్ ఎందుకు ఆగింది?

సూది వేళ అయింది, రిపోర్టులో పొటాషియం 2.9 అని వచ్చింది అనుకోండి. "రాసి ఉంది కదా" అని గుడ్డిగా ఇవ్వకూడదు. "లవణాలు తగ్గాయి" అని మాకు మేమే మానేయకూడదు. రొప్పుతున్న మనిషికి మందు ఆపితే ఊపిరితిత్తులు మళ్ళీ నీటితో నిండుతాయి. అందుకే ముందు మనిషిని చూస్తాం. నాడి, బి.పి., ఆయాసం, వాపు, ఉదయం బరువు, మూత్రం కొలత చూసి వెంటనే డాక్టరుగారికి చెబుతాం. ఆయాసం ఉంటే తరచుగా సూది కొనసాగిస్తూనే పొటాషియం కూడా ఇమ్మంటారు. ఆయాసం తగ్గి, నోరు ఎండి, బి.పి. పడిపోతుంటే ఆపమంటారు. మెగ్నీషియం తక్కువైతే దాన్నీ సరిచేయాలి. లేకుంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు.

సోడియం తగ్గిందంటే ప్రతిసారీ ఉప్పు పోయినట్టు కాదు. ఒంట్లో నీరు ఎక్కువై రక్తం పలచబడినా తగ్గుతుంది. అలాంటివారికి ఉప్పు పెట్టడం కాదు, తాగే నీళ్ళు కొలిచి ఇవ్వడం అవసరమవుతుంది.

పొటాషియం మందును నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. అందుకే సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తాం. తొందరగా అయిపోవాలని ట్యూబుకున్న చక్రాన్ని దయచేసి మీరు తిప్పవద్దు.

ఇంటి దగ్గర

మన భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెం వైపు మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. నీటి మాత్ర వేసుకునేవారు తునికాకు కోతకు వెళ్ళి బాగా చెమట పట్టినా, వాంతులు, విరేచనాలు అయినా లవణాలు రెండు వైపులా పోతాయి. అలాంటప్పుడు తర్వాతి మాత్ర వేసుకునే ముందే ఆసుపత్రిలో అడగండి.

కొబ్బరినీళ్ళలో, అరటిపండులో పొటాషియం ఉన్న మాట నిజమే. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవారికి, స్పిరనోలాక్టోన్ కలిసిన మాత్ర వాడేవారికి అది ఎక్కువైనా ప్రమాదమే. అడగకుండా తాగించవద్దు.

బస్సు ప్రయాణమనీ, ఆదివారం ఆరాధన మధ్యలో లేవాల్సి వస్తుందనీ కొందరు ఆ పూట మాత్ర మానేస్తారు. ఫ్రూసెమైడ్ మాత్ర పని సుమారు ఆరు గంటలే. డాక్టరుగారిని అడిగి వేళ మార్చుకోండి, మానవద్దు.

రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళి వచ్చాక బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పిక్కలు పట్టేసినా, గుండె దడదడలాడినా వెంటనే రండి. వచ్చేటప్పుడు మాత్రల అట్టలు, పాత రిపోర్టులు తెండి. దూరపు గూడెం నుంచి అర్ధరాత్రి వచ్చినవారి చేతిలో ఆ అట్ట ఉంటే, ఏది ఇవ్వాలో ఏది ఆపాలో తేల్చుకోవడానికి ఎంతో సమయం కలిసివస్తుంది.