మళ్లీ స్టీరింగ్ పట్టే ముందు

పౌలు, బర్నబాల వెంట సువార్త ప్రయాణానికి బయలుదేరిన మార్కు అనే యౌవనస్థుడు పంఫూలియలోని పెర్గే దాకా వెళ్లి, అక్కడి నుంచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు (అపొ.కా. 13:13). ఇంటిమీద బెంగో, దారి కష్టమో, కారణం బైబిల్ చెప్పదు. కొంతకాలానికి అతణ్ని మళ్లీ తీసుకెళ్దామని బర్నబా అంటే పౌలు ససేమిరా అన్నాడు. ఆ వాదన ముదిరి ఇద్దరు దైవజనులూ విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడెక్కాడు. పౌలుది కాఠిన్యమని చాలామంది అంటారు కానీ, నడిదారిలో దిగిపోయినవాడి మీద బరువు పెట్టేముందు ఆలోచించడం తప్పేమీ కాదు.

లారీ యజమానులకూ ఈ ఆలోచన కొత్త కాదు. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే హైదరాబాద్–విజయవాడ రహదారి ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65. మిర్యాలగూడ రైస్ మిల్లులకు ధాన్యం వెళ్లాలన్నా, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు నుంచి సిమెంటు రావాలన్నా లారీయే దిక్కు. పెన్‌పహాడ్ లాంటి మండలంలో కొన్నేళ్లు హెవీ బండి నడిపి, తల్లి జబ్బు వల్లనో, నడుము నొప్పి వల్లనో దిగిపోయి, కౌలు పొలం చేసుకున్న ఒక సోదరుణ్ని ఊహించండి. ఆరేళ్లు గడిచాయి. అప్పు మిగిలింది, పిల్లల ఫీజులు పెరిగాయి. చేతికి తెలిసిన పని లారీయే. ట్రంకుపెట్టెలోంచి లైసెన్సు కార్డు తీస్తే దానిమీద ఏపీ 24 అని ఉంటుంది. అది ఉమ్మడి నల్లగొండ నాటి నంబరు. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయ్యింది. కార్డు గడువేమో ఎప్పుడో దాటిపోయింది.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. గడువు దాటినా ఐదేళ్ల వరకు పరీక్ష లేకుండా రెన్యువల్ చేస్తారన్నది పాత మాట. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఆ ఐదేళ్లను ఒక్క ఏడాదికి కుదించారు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష నెగ్గాల్సిందే. గడువు ముగిశాక ఇచ్చే ముప్పై రోజుల వెసులుబాటు కూడా అప్పుడే పోయింది. రవాణా వాహనాల లైసెన్సు కాలం మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. చెల్లని కార్డుతో ఒక్క ట్రిప్పే కదా అని రోడ్డెక్కి ప్రమాదం చేస్తే, బీమా సంస్థ బాధితులకు చెల్లించిన సొమ్మును లారీ యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. నమ్మి బండి ఇచ్చినవాడి ఇల్లు కూలుతుంది.

అయితే అసలు పరీక్ష ట్రాక్ మీద కాదు, డాక్టరు ముందు మొదలవుతుంది. హెవీ లైసెన్సుకు ఫారం 1ఏ అనే వైద్య ధ్రువపత్రం కావాలి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలడా, రంగులు గుర్తుపట్టడంలో తీవ్రమైన లోపముందా, రేచీకటి ఉందా, వినికిడి ఎలా ఉంది, కాలుచేతుల్లో లోపముందా అన్నవి డాక్టరు చూసి రాయాలి. కొందరు మనిషిని చూడకుండానే సంతకం తెచ్చిపెడతామంటారు. విశ్వాసి తడబడేది ఇక్కడే. ఆదివారం ఆరాధనలో తనను పరిశోధించమని దేవుణ్ని అడిగినవాడు, సోమవారం డాక్టరు దగ్గర షుగరు, ఫిట్సు దాచిపెడితే ఎలా? షుగరు ముదిరితే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, బ్రేకు మీద ఎంత బరువు వేశాడో కాలికి తెలియదు. షుగరు పడిపోతే కళ్లు తిరుగుతాయి. కంట్లో శుక్లం మొదలైతే రాత్రి ఎదురు బండి లైట్లు కళ్లలో పూవుల్లా విచ్చుకుంటాయి. వీటిలో చాలావాటికి మందు ఉంది, అద్దాలున్నాయి, ఆపరేషనుంది. దాచిన జబ్బుకే వైద్యం లేదు. నిజం చెబితే లైసెన్సు రాదేమో, ఇల్లు గడవదేమో అన్న భయం చిన్నది కాదు. ఆ రాత్రి ఆ సోదరుడి ఇంట్లో జరిగే ప్రార్థనలో బరువంతా దానిదే.

ట్రాక్ మీద చూసేవి కొత్తవేం కాదు. కదిలేముందు జాగ్రత్తలు, గేర్లు మార్చడం, ఎత్తు మీద ఆపి హ్యాండ్ బ్రేకుతో వెనక్కి జారకుండా మళ్లీ కదలడం, ఇరుకు సందులోకి రివర్స్ చేయడం, చేతి సిగ్నళ్లు. పాత డ్రైవర్లు తప్పేది తెలియక కాదు, అలవాటు వల్ల. డీజిలు కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ చేసే చేయి పరీక్షలోనూ అటే పోతుంది. అలవాటు మారాలంటే డ్రైవింగ్ స్కూలు లారీ మీద, నేర్పేవాడు పక్కనుండగా, కొన్ని రోజులు కూర్చోవాలి. లెర్నర్ లైసెన్సు సంగతి ముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోవాలి. ఇరవై ఏళ్లు నడిపినవాణ్ని కుర్రాడి పక్కన కూర్చోమంటారా అనిపిస్తుంది. అదీ పరీక్షే.

బండ్లూ మారాయి. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 లారీల్లో చాలావాటికి డీజిలుతోపాటు మరో ద్రవం వేరే ట్యాంకులో పోయాలి. డ్రైవర్లు దాన్ని యూరియా అంటారు (పొలంలో చల్లే బస్తా కాదు సుమా!). అది డీజిలు ట్యాంకులో పడితే ఇంజిను సంగతి అంతే. లైసెన్సు వచ్చాక యజమాని కూడా ట్రయల్ చూస్తాడు. అప్పుడు టైర్లలో గాలి, లైట్లు చూసుకొని, బ్రేకులకు చాలినంత ఎయిర్ ఎక్కేదాకా మీటరు చూస్తూ ఆగినవాణ్ని యజమాని వెంటనే గుర్తుపడతాడు.

పరీక్ష తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. మార్కు అంతకంటే చాలా ఎక్కువ కాలమే ఆగాడు. కుప్రలో అతనేం చేశాడో, ఏం నేర్చుకున్నాడో లేఖనాల్లో ఒక్క మాట కూడా లేదు. ఏళ్లు గడిచాక చెరసాలలో మరణానికి ఎదురుచూస్తున్న పౌలు తిమోతికి ఉత్తరం రాస్తూ, వచ్చేటప్పుడు మార్కును వెంటబెట్టుకు రమ్మన్నాడు, అతను తన పనికి కావాలన్నాడు (2 తిమోతి 4:11).