మాటిమాటికీ నరానికి సూది – లాభమెంత? నష్టమెంత?

"సిస్టర్, నీరసంగా ఉంది, రెండు బాటిళ్ళు ఎక్కించండి" అని మా ఓ.పి.లో రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అవసరం లేదంటే నొచ్చుకుంటారు. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని వివరించదలిచాము.

అర లీటరు 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. దాని శక్తి సుమారు రెండు ఇడ్లీలతో సమానం. సెలైన్ అయితే ఉప్పునీరే. రక్తహీనత, షుగరు, థైరాయిడ్ వల్ల వచ్చిన నీరసం దీనితో పోదు.

తాగింది నిలవనంతగా వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు, బి.పి. పడిపోయినప్పుడు, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు మందులు నరం ద్వారానే ఇవ్వవలసినప్పుడు మాత్రం సందేహించవద్దు. నాలుగుసార్లు గుచ్చవలసి వచ్చినా అది ప్రాణం నిలిపే పనే.

అవసరం లేనిచోట గుచ్చితే నరం వాచి, ఎర్రబడి, తాడులా గట్టిపడవచ్చు. సూక్ష్మక్రిములు రక్తంలో చేరవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఎక్కువైన నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సోకగలవు. సీలు విప్పని కొత్త సూదిని మీ కళ్ళ ముందే తీయమని అడగండి, మొహమాటపడకండి.

కిడ్నీ దెబ్బతిన్నవారు, చాలా ఏళ్ళుగా షుగరు, బి.పి. ఉన్నవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. రేపు డయాలసిస్ అవసరమైతే చేతిలో ధమనిని, నరాన్ని కలిపి ఫిస్టులా చేస్తారు. అది పనికిరావడానికి కొన్ని వారాలు పడుతుంది. పాత సూదుల వల్ల ఆ నరాలు మూసుకుపోయి ఉంటే మెడలో గొట్టం వేయవలసి వస్తుంది, దానికి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. "కుడిచేత్తో అన్నం తినాలి కదా" అని అందరూ ఎడమచేయి చాపుతారు. ఫిస్టులాకు దాచుకోవలసింది సాధారణంగా ఆ చేయే! క్రియాటినిన్ పెరిగిందని తెలిసినవారు సూది వేయకముందే ఆ సంగతి సిస్టర్‌కు చెప్పండి. వీలైనంతవరకు అరచేతి వెనుకవైపు నరాలనే వాడతాము. ఫిస్టులా ఉన్న చేతికి సూదులు వేయించుకోవద్దు, బి.పి. చూపించుకోవద్దు.

మరొక మాట. మా చదువు రోజుల్లో మూడో రోజుకల్లా క్యాన్యులా మార్చాలని నేర్పేవారు. ఇప్పుడు చాలాచోట్ల ప్రతి షిఫ్టులో చూసి, నొప్పి, వాపు, ఎరుపు ఉంటేనే మారుస్తున్నారు. దానివల్ల కొన్ని పోట్లు తప్పుతాయి. అయితే ఆ గుర్తులు ముందుగా తెలిసేది రోగికే కాబట్టి, అర్ధరాత్రయినా సరే, నర్సును పిలవండి. అవసరం తీరాక కూడా క్యాన్యులా చేతికే ఉంటే "ఇంకా ఎందుకు?" అని అడగండి.