ప్లస్ ఎక్కువా, మైనస్ ఎక్కువా? ప్రోటాన్ లోపలి లెక్క

ఈ ఎపిసోడ్ నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతా.

2022 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ నుంచి ఒక వార్త వచ్చింది. డబ్ల్యూ బోసాన్ అనే కణం బరువు, థియరీ చెప్పిన దానికంటే ఎక్కువ తేలిందని. నేను ఆ రాత్రే ఫోన్‌లో ఒక చిన్న వీడియో తీసి పెట్టేశా. "ఫిజిక్స్ పుస్తకాలు మార్చాల్సిందే" అని పెద్ద మాట అనేశా.

కొన్నాళ్లకి మహబూబాబాద్‌లో ఇంటర్ పిల్లలతో మాట్లాడే పని పడింది. చివర్లో ఒక తమ్ముడు లేచి అడిగాడు: "అన్నా, ప్రోటాన్‌ని గుద్దితేనే కదా ఆ డబ్ల్యూ వచ్చేది? మరి ప్రోటాన్ లోపల ఏమున్నదో సరిగ్గ తెల్వకుంట, అందులకెళ్లి వచ్చినదాని బరువు ఎట్ల చెప్తరు?"

నా దగ్గర జవాబు లేదు. జనగామకి తిరిగొచ్చే రైల్లో కూడా అదే ప్రశ్న తిరుగుతూ ఉంది. ఆ తమ్ముడికి నేను బాకీ పడ్డ జవాబే ఈ ఎపిసోడ్.

ముందు మన పుస్తకంలో ఉన్నది చూద్దాం. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. అప్ చార్జ్ ప్లస్ 2/3, డౌన్ చార్జ్ మైనస్ 1/3. కూడితే ప్లస్ 1. పరీక్షకి ఇది చాలు. కానీ వేగంగా దూసుకెళ్లే ప్రోటాన్ లోపల ఈ ముగ్గురే ఉండరు. వాళ్లని అంటిపెట్టే గ్లువాన్లు ఉంటాయి. ఆ గ్లువాన్ల నుంచి క్షణక్షణం పుట్టి మాయమయ్యే క్వార్కు, యాంటీక్వార్కు జంటలు ఉంటాయి. వీటన్నిటికీ కలిపి ఫైన్‌మన్ పెట్టిన పేరు పార్టాన్లు.

కాబట్టి "ఎన్ని ఉన్నాయి" అని అడిగితే సరిపోదు. ప్రోటాన్ మొత్తం మొమెంటంలో ఎవరి వాటా ఎంత అని అడగాలి. ఆ వాటాని ఎక్స్ అంటారు. ఎక్స్ 0.1 అంటే ఆ పార్టాన్ పదో వంతు మోస్తోందన్నమాట. ఏ వాటాతో ఏ పార్టాన్ దొరికే అవకాశం ఎంతో చెప్పే పట్టికే పార్టాన్ డిస్ట్రిబ్యూషన్. దీన్ని పూర్తిగా కాగితం మీద లెక్కగట్టడం ఇప్పటికీ కుదరట్లేదు. ప్రయోగాలు చేసి కొలవాల్సిందే.

ఇది భూపాలపల్లి వాళ్లకి ఈజీగా అర్థమవుతుంది. సింగరేణిలో గని తవ్వకముందే బోర్లు వేసి చూస్తారు కదా. ఒక్కో బోరు ఆ ఒక్క చోట ఎంత లోతులో బొగ్గు ఉందో చెప్తుంది. రెండు బోర్ల మధ్య జాగా సంగతి అంచనానే. ఇంకో బోరు వేస్తే ఆ అంచనా బిగుస్తుంది. ప్రోటాన్ విషయంలో కూడా అంతే, ప్రతి కొలత ఒక బోరు.

1992 నుంచి 2007 దాకా జర్మనీలోని హాంబర్గ్‌లో హెరా అనే యంత్రం ఎలక్ట్రాన్లని, పాజిట్రాన్లని ప్రోటాన్ల మీదకి కొట్టి ఇలాంటి బోర్లు చాలానే వేసింది. ఇక్కడ ఒక చిక్కుంది. ఎలక్ట్రాన్ ఎక్కువగా చార్జ్ స్క్వేర్‌ని బట్టి చూస్తుంది. అప్‌కి 4/9, డౌన్‌కి 1/9. అంటే అప్ నాలుగు రెట్లు గట్టిగా కనిపిస్తుంది, డౌన్ మసకగా ఉండిపోతుంది. డౌన్‌ని విడిగా పట్టాలంటే వేరే ఉపాయం కావాలి.

ఆ ఉపాయమే మన డబ్ల్యూ. ఇది రెండు రకాలు. ఒక ప్రోటాన్‌లోని అప్, ఇంకో ప్రోటాన్‌లోని యాంటీ డౌన్ కలిస్తే 2/3 ప్లస్ 1/3, అంటే చార్జ్ ప్లస్ 1. అది డబ్ల్యూ ప్లస్. డౌన్, యాంటీ అప్ కలిస్తే మైనస్ 1. అది డబ్ల్యూ మైనస్. కాబట్టి ప్లస్‌లు ఎన్ని, మైనస్‌లు ఎన్ని అని లెక్కబెడితే అప్, డౌన్‌ల సంగతి బయటపడుతుంది.

జెనీవా దగ్గర సెర్న్‌లో ఉన్న ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్లని ప్రోటాన్లతోనే ఢీకొట్టిస్తారు. అక్కడ 7 టీఈవీ ఎనర్జీ దగ్గర తేలింది ఏంటంటే, 100 డబ్ల్యూ మైనస్‌లకి సుమారు 140 డబ్ల్యూ ప్లస్‌లు. అప్‌లు రెండు, డౌన్ ఒకటి అయితే 200 రావాలి కదా అంటారా? నాకూ అదే డౌట్ వచ్చింది. ఆ ఎనర్జీ దగ్గర డబ్ల్యూని పుట్టించే పార్టాన్ల వాటా చిన్నది, సుమారు 0.01. అంత చిన్న వాటా దగ్గర ఇందాక చెప్పిన జంటల గుంపు చాలా ఎక్కువ. ఆ గుంపులో అప్, డౌన్ దాదాపు సమానం. అందుకే రెండుకి ఒకటి అనే నిష్పత్తి పలచబడిపోయింది. చూశారా, 140 అనే ఒక్క నంబరే "మూడు క్వార్కులే" అన్న కథ సరిపోదని చెప్పేసింది.

ఇప్పుడు అసలు కిటుకు. శాస్త్రవేత్తలు ప్లస్‌ల సంఖ్యని, మైనస్‌ల సంఖ్యని విడివిడిగా చెప్పి వదిలేయరు. ప్లస్‌లోంచి మైనస్ తీసేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తారు. దీన్నే చార్జ్ ఎసిమెట్రీ అంటారు. మన లెక్కలో 40 బై 240, అంటే సుమారు 0.17.

ఎందుకీ తిప్పలు? మార్కెట్ యార్డులో మక్కలు తూకం వేస్తున్నారనుకోండి. ఒక రైతువి 140 క్వింటాళ్లు, ఇంకో రైతువి 100. కాంటా 5 శాతం ఎక్కువ చూపిస్తోంది. అది 147, 105 అని చెప్తుంది. రెండూ తప్పే. కానీ తేడా 42, మొత్తం 252. భాగిస్తే మళ్లీ అదే 0.17! కాంటా తప్పు కొట్టుకుపోయింది. ఎల్‌హెచ్‌సీలో ఆ కాంటా తప్పు లాంటిది ఏంటంటే, మొత్తం ఎన్ని ఢీలు జరిగాయో కచ్చితంగా తెలియకపోవడం. ఎసిమెట్రీలో ఆ అనుమానం దాదాపు రద్దైపోతుంది. అయితే ఒక జాగ్రత్త. కాంటా ఒక రైతుకి ఒకలా, ఇంకో రైతుకి ఇంకోలా చూపిస్తే ఈ కిటుకు పనిచేయదు. అందుకే డిటెక్టర్ ప్లస్‌నీ మైనస్‌నీ ఒకేలా పట్టుకుంటోందా అన్నది చాలా జాగ్రత్తగా సరిచూస్తారు.

సీఎంఎస్ ప్రయోగం 2011లో తీసిన డేటాలో, మ్యువాన్‌గా విడిపోయిన డబ్ల్యూలు 2 కోట్లకు పైగా దొరికాయి. 2014లో ఫలితం అచ్చైంది. మ్యువాన్ డిటెక్టర్ మధ్యలోకి వస్తే ఎసిమెట్రీ సుమారు 15 శాతం. బీమ్ దిశగా అంచుకి వెళ్లేకొద్దీ పెరిగి సుమారు 25 శాతం. ఎందుకు పెరిగింది? డబ్ల్యూ ఒక పక్కకి దూసుకెళ్లిందంటే ఒక పార్టాన్ పెద్ద వాటాతో, ఇంకోటి చిన్న వాటాతో వచ్చిందన్నమాట. పెద్ద వాటా దగ్గర అప్ క్వార్కుదే పెత్తనం. కాబట్టి ఒక్కో కోణం ఒక్కో లోతులో వేసిన బోరు. ఈ కొలతని హెరా డేటాతో కలిపితే అప్, డౌన్ రెండింటి పట్టికలోనూ అనుమానం తగ్గింది.

ఇదంతా చెప్పినంత తేలిక కాదు. డబ్ల్యూ విడిపోయినప్పుడు మ్యువాన్‌తో పాటు న్యూట్రినో కూడా పుడుతుంది. అది డిటెక్టర్‌కి చిక్కకుండా వెళ్లిపోతుంది. మనకి దొరికేది మ్యువాన్ ఒక్కటే, దాని దిశా డబ్ల్యూ దిశా ఒకటి కాదు. అందుకే ప్రతి పట్టికతోనూ మ్యువాన్లు ఎలా రావాలో లెక్కగట్టి, వచ్చిన దానితో పోల్చి చూస్తారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. న్యూట్రినో దొరకదు కాబట్టి డబ్ల్యూ బరువుని కూడా మ్యువాన్‌నో ఎలక్ట్రాన్‌నో చూసే తేల్చాలి. అది ఏ కోణంలో, ఎంత జోరుతో రావాలన్నది ప్రోటాన్ లోపలి పట్టికని బట్టి మారుతుంది. పట్టిక తప్పైతే బరువు కూడా తప్పుతుంది. 2022లో ఫెర్మీల్యాబ్‌లోని సీడీఎఫ్ బృందం చెప్పిన బరువు 80,433.5 ఎంఈవీ, అటూ ఇటూ 9.4. థియరీ చెప్పేది సుమారు 80,357. 2024 సెప్టెంబర్‌లో సీఎంఎస్ చెప్పింది 80,360.2, అటూ ఇటూ 9.9. ఇది థియరీతో సరిపోయింది. సీఎంఎస్ చెప్పిన ఆ 9.9లో పెద్ద వాటాల్లో ఒకటి ఈ పార్టాన్ పట్టికలదే, 4.4.

అలాగని "పట్టిక తప్పు వల్లే సీడీఎఫ్‌కి ఎక్కువ వచ్చింది" అని నేను ఇంకో తొందరపాటు మాట అనను. వాళ్లు తమ పట్టికలకి కట్టిన అనుమానం 3.9 మాత్రమే. 76 తేడాని అది పూడ్చలేదు. ఆ తేడా ఎందుకొచ్చిందో ఇంకా తేలలేదు. కానీ తమ్ముడు వేలు పెట్టింది మాత్రం సరైన చోటే. నేను నంబరు చెప్పాను కానీ, ఆ నంబరు దేని మీద నిలబడిందో చెప్పలేదు. ఆ పాత వీడియోని తీసేయట్లేదు, దాని కింద ఈ ఎపిసోడ్ లింక్ పెడుతున్నా.

చివరగా ఒక మాట. ఇదంతా ఎక్కడో జెనీవాలో జరిగేది, మనకెందుకు అనుకోకండి. భారతదేశం 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు కూడా సీఎంఎస్‌లో పనిచేస్తున్నారు. ఇంటర్ వయసు పిల్లల కోసం ఇంటర్నేషనల్ మాస్టర్‌క్లాసెస్ అని ఒక కార్యక్రమం ఉంది. అందులో నిజమైన ఢీల బొమ్మలు ఇస్తారు. అయస్కాంతం వల్ల మ్యువాన్ గీత ఎటు వంగిందో చూసి ప్లస్సా మైనస్సా తేల్చాలి. సీఎంఎస్ బొమ్మలు చూడటానికి ఐస్పై అనే పేజీ ఉంది, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది.

లెక్కబెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 100 బొమ్మలు చూస్తే 58 ప్లస్, 42 మైనస్ రావాలి. కానీ అదృష్టం కొద్దీ అటూ ఇటూ 5 మారొచ్చు, 53, 47 వచ్చినా ఆశ్చర్యం లేదు. అప్పుడు "ప్రోటాన్ మారిపోయింది" అని రాత్రికి రాత్రే వీడియో పెట్టకండి. జనగామ నుంచి కొందరు, మహబూబాబాద్ నుంచి కొందరు, భూపాలపల్లి నుంచి కొందరు కలిసి 1000 లెక్కబెట్టండి. సుమారు 583, 417 దగ్గరికి వస్తుంది, తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మీ లెక్క నాకు పంపండి, అటూ ఇటూ ఎంతో కూడా రాసి పంపండి. ఉంటా మరి.