మాథెరాన్ కొండనెక్కిన ఇంజను

ముంబై నుంచి పుణె వెళ్ళే దారిలో నేరల్ అనే చిన్న స్టేషను ఉన్నది. అక్కడ పెద్ద రైలు దిగి ప్రక్కకు చూస్తే, రెండడుగుల వెడల్పు మాత్రమే గల పట్టాలు సహ్యాద్రి వైపు సాగిపోతూ కనిపిస్తాయి. సుమారు 20 కిలోమీటర్ల దూరంలో 700 మీటర్లకు పైగా ఎగబ్రాకి అవి మాథెరాన్ చేరుకుంటాయి.

ఈ మార్గానికి ధనం సమకూర్చినవాడు బొంబాయి వ్యాపారి సర్ ఆదంజీ పీర్‌భాయ్. నిర్మాణభారం వహించినవాడు ఆయన కుమారుడు అబ్దుల్ హుసేన్. 1904లో ఆరంభమైన పని ముగిసి, 1907 మార్చి 22న రైలు నడిచింది.

పట్టాలు వేయడంతోనే చిక్కు తీరలేదు. ఇరవై అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకెక్కే వాలు అది. అంతటి వాలు మీద చక్రాలు జారకుండా ఉండాలంటే ఇంజను బరువు మోసే చక్రాలన్నీ ఆవిరిశక్తితో తిరగాలి. అయితే మూడు ఇరుసులను చట్రంలో కదలకుండా బిగిస్తే వంపులో పట్టాలను ఒరుసుకుంటాయి. పొడవాటి మంచాన్ని ఇరుకు సందు మలుపులో త్రిప్పబోయినట్లే!

డార్జిలింగ్ వారు నాలుగే చక్రాల పొట్టి ఇంజన్లతో సరిపెట్టుకున్నారు. పట్టాలపై ఇసుక చల్లడానికి ఇంజను ముందు మనుషులను కూర్చోబెట్టారు. నీలగిరిలో వాలు మరీ నిటారు, పన్నెండుకు ఒకటి. అక్కడ పట్టాల నడుమ పళ్ళకడ్డీ అమర్చి, ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రం దానిని పట్టుకొని ఎక్కేలా చేశారు.

మాథెరాన్‌కు మాత్రం జర్మనీలోని ఓరెన్‌స్టైన్ అండ్ కోపెల్ సంస్థ ఆరు చక్రాల ఇంజన్లను నాలుగింటిని తయారుచేసింది. వాటి రహస్యం మొదటి, చివరి ఇరుసులలో ఉన్నది. సాక్సనీ రైల్వేకు చెందిన క్లీన్, లిండ్నర్ అనే ఇంజనీర్లు కల్పించిన పద్ధతి ఇది. చట్రంలో తిరిగే గట్టి ఇరుసుపై బోలు గొట్టం వంటి మరొక ఇరుసును తొడిగారు. చక్రాలు ఆ గొట్టానికే బిగించి ఉంటాయి. రెండింటినీ నడుమ ఒక గోళాకారపు కీలు కలుపుతుంది. మన భుజం గూటిలో ఎముక ఎటైనా మెదిలినట్లు, లోపలి ఇరుసు నిటారుగా తిరుగుతూ ఉండగానే పైగొట్టం చక్రాలతో సహా వంపు వైపు ఒదిగిపోతుంది. చక్కని ఉపాయమే గాని, దాచిన కీలు అరిగితే విప్పి సరిచేయడం తేలిక కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యపు చిన్న రైళ్ళను లాగిన వందలాది ఇంజన్లకు కూడా ఇవే ఇరుసులు.

1950లలో డీజిలు ఇంజన్లు వచ్చాయి. 1980ల తొలినాళ్ళకు ఆవిరి ఇంజన్లు విశ్రమించాయి. 2005 జూలై వరదలకు పట్టాలు కొట్టుకుపోగా 2007లో మార్గం మళ్ళీ తెరిచారు. 2019 వర్షాలు మరల దెబ్బతీశాయి. 2022 అక్టోబరులో గాని నేరల్ నుంచి రైలు పూర్తిగా పైకి వెళ్ళలేదు. సాధారణ మోటారు బండ్లకు ప్రవేశం లేని ఊరికి ఆ విరామం చిన్న కష్టం కాదు.

ఆనాటి నాలుగు ఇంజన్లలో ఒకటి ఢిల్లీ జాతీయ రైల్వే మ్యూజియంలో ఉన్నది. చక్రాల నడుమ దాగిన ఆ కీలు మాత్రం చూపరుల కంటికి కనబడదు.