దెబ్బతిన్న మెదడుకు లయ అందిస్తే...

తలకు గట్టి దెబ్బ తగిలి కోలుకున్న మనిషి పైకి మామూలుగానే కనిపిస్తాడు. నడుస్తాడు, మాట్లాడతాడు. పొద్దున ఇంటికి ఎవరొచ్చారో, బండి ఎక్కడ పెట్టాడో మాత్రం గుర్తుండదు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఈ మరుపును పోగొట్టే నమ్మకమైన మందు ఇప్పటికీ లేదు. ఎలుకల మీద జరిగిన కొన్ని ప్రయోగాలు మాత్రం ఒక దారి చూపిస్తున్నాయి.

ఎలుక దారి వెతుక్కుంటూ తిరిగేటప్పుడు దాని మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో విద్యుత్ తరంగాలు సెకనుకు 4 నుంచి 12 సార్లు లేచి పడుతుంటాయి. ఇదే తీటా లయ. దీన్ని నడిపించడంలో పెద్ద పాత్ర మెదడు మధ్యలో ఉండే మీడియల్ సెప్టమ్‌ది. 1978లో జొనాథన్ విన్సన్ ఆ భాగాన్ని దెబ్బతీసి చూశారు. లయ ఆగిపోయింది. ఎలుకలు అప్పటికే నేర్చుకున్న చోటును కూడా గుర్తుపట్టలేకపోయాయి.

మరి పోయిన లయను బయటినుంచి అందిస్తే? 2006లో నీల్ మెక్‌నాటన్ బృందం సెప్టమ్‌ను మత్తుమందుతో మొద్దుబార్చి, హిప్పోకాంపస్‌కు వెళ్లే నాడీతంతువులకు తీగ ద్వారా లయబద్ధంగా విద్యుత్తు పంపింది. నీటితొట్టిలో దాగి ఉన్న తిన్నెను వెతకడం ఎలుకలు మళ్లీ నేర్చుకోగలిగాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. అంతే విద్యుత్తును క్రమం తప్పించి పంపితే ఫలితం దాదాపు లేదు. అంటే పని చేసింది కరెంటు కాదు, దాని క్రమం.

ఇక్కడిదాకా మెదడుకు నిజమైన గాయం లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు ఆ అడుగూ వేశారు. ఎలుకల పుర్రెకు చిన్న రంధ్రం చేసి, మెదడు పొర మీద ద్రవాన్ని ఒక్క క్షణం బలంగా తాకించారు. గాయపడ్డ ఎలుకల్లో తీటా లయ బలహీనపడింది. తర్వాత వాటిని గుండ్రటి బల్ల మీద వదిలారు. బల్ల అంచు చుట్టూ రంధ్రాలు, వాటిలో ఒక్కదాని కింద మాత్రమే చీకటి గూడు. వెలుతురు గిట్టని ఎలుక ఆ గూడు కోసమే పరుగెడుతుంది. గాయపడ్డవి తడబడ్డాయి. పరీక్షకు ముందు సెప్టమ్‌కు సెకనుకు 7.7 సార్ల చొప్పున విద్యుత్ ప్రేరణ ఇస్తే గూడును మెరుగ్గా వెతుక్కోగలిగాయి. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

దీన్ని రేపే మనిషికి వాడేయలేం. ప్రయోగశాలలో దెబ్బ ఎక్కడ, ఎంత బలంగా పడాలో ముందే నిర్ణయిస్తారు. రోడ్డు ప్రమాదంలో గాయం తరచూ మెదడంతా విస్తరించి ఉంటుంది. పైగా మన హిప్పోకాంపస్ లయ ఎలుకలకన్నా నెమ్మది. ఎలక్ట్రోడ్ అమర్చాలంటే పుర్రె తెరవాలి, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ముప్పు ఉంటుంది. అయినా మనుషుల్లో ప్రయత్నాలు మొదలయ్యాయి. 2023లో ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలో ఏళ్లక్రితం తలకు గాయమైన ఐదుగురికి మెదడు లోతుల్లో ఉండే థాలమస్‌లో ఎలక్ట్రోడ్లు పెడితే, శ్రద్ధను, ఆలోచన వేగాన్ని కొలిచే పరీక్షలో వాళ్లు మెరుగుపడ్డారు. జ్ఞాపకశక్తికి ఇలాంటి చికిత్స వైద్యంలోకి రావడానికి ఇంకా సమయం పడుతుంది.

అందుకే జ్ఞాపకశక్తి పెంచుతామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కరెంటు పట్టీలను నమ్మి తలకు కట్టుకోకండి. ఇంట్లో తలకు దెబ్బ తగిలినవారు మరిచిపోతుంటే, వయసు మీదో నిర్లక్ష్యం మీదో నెట్టేయకుండా న్యూరాలజిస్టుకు ఆ సంగతి విడిగా చెప్పండి. జ్ఞాపకశక్తి పరీక్షలు, పునరావాస శిక్షణ ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి.